దేవుళ్లు నాలుక

దేవుళ్లు అనే ఒక్క మనిషి నాలుకను నమ్ముకుని రోలుగుంట చుట్టుపక్కల చెరకు రైతులు నలభై ఏళ్లు బెల్లం వండుకున్నారు. పెనం ముందు నిలబడి, పాకం చుక్కను చన్నీళ్లలో వేసి, గట్టిపడ్డ ఉండను నోట్లో పెట్టుకుని "దింపండి" అన్నాడంటే దింపాల్సిందే. ఇంకో నిమిషం ఉంచుదామన్న రైతు బెల్లం నల్లబడిపోయేది. తెల్లగా రావడానికి హైడ్రోస్ రసాయనం చల్లిన బెల్లం దిమ్మనైతే నాలుక కొసతోనే పట్టేసి, యజమాని కళ్ల ముందే తుపుక్కున ఉమ్మేవాడు. అంత పొగరు ఆ నాలుకకి.

ఇప్పుడాయనకు డెబ్బై మూడు. నర్సీపట్నంలో, పెద్దబొడ్డేపల్లి సందులో, ఆటో నడిపే కొడుకు రమణబాబు ఇంట్లో ఉంటున్నారు మొగుడూ పెళ్లాలిద్దరూ. కొడుకు పేరు మరిచిపోయి ఏడాదైంది. లుంగీ ఎలా కట్టుకోవాలో మరిచిపోయాడు. భార్య రామాయమ్మను ఒకరోజు అమ్మా అంటాడు, ఒకరోజు ఎవరే నువ్వు అంటాడు. ఇది మతిమరుపు జబ్బు, తగ్గేది కాదు అని విశాఖపట్నంలో డాక్టరమ్మ చెప్పేసింది. తగ్గేది కాకపోతే ఇన్ని మాత్రలెందుకో రామాయమ్మకు అర్థం కాలేదు. అడిగే ధైర్యం లేక సంచిలో వేసుకొచ్చింది. చదువు రాదు కాబట్టి పొద్దుటి మాత్రల అట్టకు పసుపు, సాయంత్రం అట్టకు మసి రాసి పెట్టుకుంది.

ఆ మనిషిలో చెక్కుచెదరకుండా మిగిలింది నాలుకొక్కటే. పొద్దున్నే బెల్లం ముక్క చేతిలో పెడితే చప్పరించి, "ఇసక నేల సెరుకు. పాకం పిసరంత ముదిరింది," అనేవాడు. ఆ ఒక్క మాటతో రామాయమ్మకు రోజు గడిచేది. నా మొగుడు లోపలెక్కడో ఉన్నాడు, ఇంకా పోలేదు అనుకునేది.

పొద్దుటి మాత్రతో మొదట విరేచనాలు పట్టుకున్నాయి. అన్నం తిన్నాక వేయమన్నారు, సర్దుకుంది. గొడవంతా సాయంత్రం మాత్రతోనే. పొద్దు వాలితే చాలు, దేవుళ్లుకు కాలు నిలవదు. "పెనం మీద రసం పొంగిపోతంది, బేగి తలుపు తియ్యే," అని గడియ మీద బాదేవాడు. రెండుసార్లు చింతపల్లి రోడ్డెక్కి బస్సు కింద పడబోయాడు. మనిషిని కాస్త కుదురుగా ఉంచడానికి డాక్టరమ్మ రాసిన పెద్ద మాత్రది. ఆయన దాన్ని బుగ్గన దాచి, ఆవిడ అటు తిరగ్గానే గోడవారన ఉమ్మేవాడు. అందుకని రామాయమ్మ గడ్డం కింద చెయ్యి పట్టి, "నోరు తెరు మావా, నాలిక సూపించు," అని చంటిపిల్లాడికి నేర్పినట్టు నేర్పింది. తెరిచేవాడు. మాత్ర అక్కడే ఉండేది.

సరే, నూరి బెల్లంలో కలిపింది. బెల్లం వండినవాడి పెళ్లానికి ఆ ఆలోచన రాకపోతే ఇంకెవరికొస్తుంది? దేవుళ్లు నోట్లో వేసుకున్నాడో లేదో ఉమ్మేశాడు.

"హైడ్రోస్ కొట్టినారు. ఈ దిమ్మ అనకాపల్లి మార్కెట్టుకెళ్లడానికి ఈల్లేదు."

ఆవిడకు రోషం వచ్చింది. "మతి మొత్తం పోనాది గానీ ఈ నాలికెందుకు పోలేదో," అని విసుక్కుంది కూడా. ఆ మాట తర్వాత ఎన్నిసార్లు గుర్తొచ్చి ఏడ్చిందో చెప్పలేం.

శొంఠి, మిరియాలు, యాలకులు దంచి, బెల్లం ముదురు పాకం పట్టి, మాత్రను పిండిలా నూరి అందులో కలిపి ఉండ చుట్టింది. దేవుళ్లు నమిలాడు. ఆగాడు. మింగాడు. నలభై ఏళ్ల నాలుకను గెలిచానని రామాయమ్మ పొంగిపోయింది. పక్కింటి అప్పలలక్ష్మిని పిలిచి మరీ చెప్పుకుంది.

నాలుగో రోజుకు మనిషి కొయ్యబారిపోయాడు. పొద్దెక్కినా లేవడు, లేపితే చొంగ కారుతోంది, కాళ్లు ఈడుస్తున్నాడు. జబ్బు ముదిరిందనుకుంది పిచ్చితల్లి. ముదిరినప్పుడు మందు అసలే మానకూడదు కదా అని ఇంకాస్త శ్రద్ధగా ఉండ చుట్టింది. ఆరో రోజు పెరట్లో నీళ్ల తొట్టి మీద పడ్డాడు. నుదుటికి ఐదు కుట్లు పడ్డాయి. రమణబాబు కారు మాట్లాడి విశాఖపట్నం తీసుకెళ్లాడు.

"మాత్ర ఎలా వేస్తున్నారమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ.

రామాయమ్మ కొంచెం గర్వంగానే చెప్పింది. డాక్టరమ్మ కలం కింద పెట్టేసింది.

"అది నూరకూడదండీ. రాత్రంతా కొంచెం కొంచెంగా కరగడానికి చేసిన మాత్ర. పొడి చేస్తే మొత్తం ఒక్కసారే ఒంట్లోకి దిగిపోతుంది. చీటీలో రాశాను కదా."

చీటీ ఇంగ్లీషులో ఉంది. చదివి చెప్పాల్సిన రమణబాబు తల దించుకున్నాడు. "ఉమ్మేస్తన్నాడనమ్మా," అని మాత్రం అనగలిగింది రామాయమ్మ.

ఆ మాత్ర తీసేసి చిన్నదొకటి రాశారు. సగం విరిచి వేయాలి. నూరినా, నమిలినా పరవాలేదు గాని ఒట్టి చేదని దాన్నీ బెల్లం ఉండలోనే చుట్టి పెట్టేది. మూడు వారాలకు దేవుళ్లు లేచి గోడ పట్టుకుని నడిచాడు. చొంగ ఆగింది. రామాయమ్మకు ప్రాణం లేచొచ్చి, పొద్దున్నే బెల్లం ముక్క ఆయన చేతిలో పెట్టింది.

చప్పరించి ఊరుకున్నాడు.

"ఏ నేల సెరుకు మావా?"

ఆవిడ ముఖంలోకి చూసి, మిగిలిన ముక్కనూ నోట్లో వేసుకున్నాడు. మర్నాడూ అంతే. కొత్త బెల్లం పెట్టింది, చీకిపోయిన పాత బెల్లం పెట్టింది. ఆఖరికి సంతంతా తిరిగి, చూడగానే హైడ్రోస్ అని తెలిసిపోయే తెల్ల బెల్లం వెతికి తెచ్చి పెట్టింది. అన్నిటినీ ఒకేలా చప్పరించాడు.

వారానికి రమణబాబు చేత డాక్టరమ్మకు ఫోను చేయించింది.

"ఆ నాలిక రుసి నా సేతుల్లో పోనాదా తల్లీ, జబ్బుతోనే పోనాదా?"

"జబ్బుతోనూ పోతుందండీ. ఆ మాత్ర వల్లా అయ్యుండొచ్చు. ఇదీ అని చెప్పలేం."

మెత్తగానే చెప్పింది. నీ తప్పేం లేదమ్మా అని కూడా అంటుందేమోనని, అవతల పెట్టేశాక కూడా రామాయమ్మ ఇంకాసేపు ఫోను చెవి దగ్గరే ఉంచుకుంది.

ఆ సాయంత్రం ఆవిడ పాకం పట్టలేదు, శొంఠి దంచలేదు. సగం మాత్రను ఉత్తదే ఆయన అరచేతిలో పెట్టి ఎదురుగా కూర్చుంది. ఇంత చేదుకి తిట్టకుండా ఉండడు. ఉమ్మి తీరాలి. ఉమ్మొద్దని నెలల తరబడి గడ్డం పట్టుకు బతిమాలిన మనిషే, ఇప్పుడా ఉమ్ము కోసం సింహాద్రప్పన్నకు మొక్కుకుంటోంది.

దేవుళ్లు మాత్ర నోట్లో వేసుకున్నాడు. పంటి కింద పటుక్కుమంది. పెనం దగ్గర నిలబడినప్పటిలాగే కళ్లు మూసుకుని నమిలాడు.

"బాగుంది," అన్నాడు. "పాకం కుదిరింది."

రామాయమ్మ ఆయన గడ్డం కింద చెయ్యి పట్టింది. "ఉమ్మెయ్ మావా. నీకు దణ్ణమెడతాను, ఒక్కసారి ఉమ్మెయ్."

గడ్డం కింద చెయ్యి తగలగానే ఆవిడ నేర్పింది గుర్తొచ్చిందాయనకు. బుద్ధిగా నోరు తెరిచి, నాలుక బయటపెట్టి చూపించాడు. దాని మీద తెల్లటి పొడి కూడా మిగల్లేదు.