ఆరని అతుకులు

మొన్న మా ఇంటి కుళాయి బాగుచేయడానికి వచ్చిన మనిషి ప్లాస్టిక్ పైపులు అతికించే జిగురు డబ్బా మూత తీయగానే నేను వీధిలోకి వచ్చి నిలబడ్డాను. ఆ వాసన తగిలితే నాకు ఇప్పటికీ పాతబస్తీ శాలిబండలో మా బావ ఇల్లు గుర్తొస్తుంది.

ఎనభైల మొదట్లో సంగతి. మా అక్క భర్త గాజు తొట్టిలో చేపలు పెంచేవాడు. పాచినీళ్ళు మగ్గుతో తోడిపోయడం విసుగనిపించి, కూలర్ మోటారుతో నీళ్ళు ఇసుక డబ్బాలోకి ఎక్కి, వడకట్టుకుని మళ్ళీ తొట్టిలోకి దిగేలా పైపులు వేయబోయాడు. సరిగ్గా అప్పుడే పక్కింటి భాయ్ ఊరికి వెళుతూ, ఏళ్ళుగా సాకిన రెండు బంగారు చేపలను ఆయనకు అప్పగించాడు. ఎప్పటిలాగే తన ఇంటి తాళంచెవి అక్క చేతికిచ్చాడు.

ఆదివారం నేను వెళ్ళేసరికి చేపలు బకెట్లో ఉన్నాయి, బావ జిగురు పూస్తున్నాడు. చూస్తేనే ఏవగింపు. పైపు అంచు తుడవడు. వేలితో తీసి పాకంలా పట్టిస్తాడు, మిగిలింది లుంగీకి రాస్తాడు. అక్క ఆరబెట్టిన వడియాల మీద జిగురు తీగలు సాగాయి. అంతలో నల్లా నీళ్ళు వచ్చాయి. పాతబస్తీలో నల్లా వచ్చిందంటే పెళ్ళితంతయినా ఆగవలసిందే.

"రేపటి దాక ఆరనియ్యి," అంది అక్క.

"ఇప్పుడు నింపకుంటే నీళ్ళు మళ్ల ఎల్లుండే. నువ్వు ఫికర్ జెయ్యకు," అని బావ తొట్టి నింపి, మోటారు తిప్పి, చేపలను వదిలాడు.

పచ్చి అతుకుల్లోని జిగురు కరిగి నీళ్ళ మీద నూనెలాంటి పొర తేలింది. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిచాయి.

"తియ్యి బావా, చస్తయ్," అన్నాను.

"కొత్త నీళ్ళు గదా, గట్లనే చేస్తయ్."

సాయంత్రానికి భాయ్ చేపలు రెండింటితో సహా అన్నీ వెల్లకిలా తేలాయి. బావ చేత్తోనే తీశాడు. జిగురు వేళ్ళకు పొలుసులు అంటుకున్నాయి. ఆ చేత్తోనే పళ్ళెంలోని మిర్చి బజ్జీ అందుకున్నాడు. ఆనాటి నా డైరీలో 'భోజనం లేదు' అని మాత్రం ఉంది.

మర్నాడు ఊరి నుంచి తిరిగొచ్చిన భాయ్ తొట్టి ముందు కూర్చున్నాడు.

"నీళ్ళు మస్తు సాఫ్ జేసినవ్ అన్నా," అన్నాడు. "ఇగ అందుల ఉండెటోళ్ళే లేరు."

ఆ తర్వాత కూడా సలాములు మామూలుగానే సాగాయి. భాయ్ ఊరెళితే తాళంచెవి మాత్రం అవతలి ఇంటికి పోయేది. అది తిరిగి మా అక్క చేతికి రావడానికి ఏళ్ళు పట్టింది. అప్పటికి ఆ తొట్టిలో ఆమె ఉల్లిగడ్డలు పోసుకుంటోంది. నేను మాత్రం ఆ ఇంట్లో ఉల్లిగడ్డ కూర ముట్టలేదు. కాలం అన్నిటినీ కడిగేస్తుందంటారు. ఆ తొట్టిని కడగడం దానివల్ల కాలేదు.