మావగారి ప్రసంగానికి ఐసు వైద్యం

నిక్షేపంలాంటి యంత్రాన్ని నా చేతులతో చంపి, తోడికోడలిని దేవతను చేసిన వైనం చెబుతాను. మొహమాటపడకుండా నవ్వండి. మా దీవిలో, మేముండే డాలీగంజ్ పేటలో సగంమంది ఇప్పటికే నవ్వేశారు.

మా తోడికోడలు పద్మ చెన్నై నుంచి ఓడలో విడిభాగాలు తెప్పించుకుని, తానే బిగించి కంప్యూటరు తయారుచేసుకుంది. ఆనాటి నుంచి గడప తొక్కినవాళ్లందరిదీ ఒకటే పాట: "పద్మా దీదీ నే బనాయా? వాహ్!" నేను పదకొండేళ్లుగా ఆ ఇంట్లో ఇడ్లీలు 'బనాయిస్తున్నాను'. ఒక్క వాహ్ వింటే ఒట్టు! నా కడుపుమంట మీద గ్యాసు లేకుండా సాంబారు కాచుకోవచ్చు.

ఆ కంప్యూటరులోనే మా మావగారి రిటైర్మెంటు సభ వీడియో ఉండేది. రోజూ సాయంత్రం టీ తాగుతూ తన ప్రసంగం తానే విని, తానే చప్పట్లు కొట్టుకునేవారు.

పద్మ ఫీనిక్స్ బే రేవులో ఓడెక్కి హట్ బేలోని పుట్టింటికి వెళ్లింది. మర్నాడే కంప్యూటరు 'టక్, టక్' మంటూ మొరాయించింది.

"పెద్దమ్మాయ్! నా పెసంగం ఏటైపోనాది?" అని మావగారు కేక పెట్టారు.

దాచడమెందుకు, నా మనసు గంతులేసింది. పద్మకు ఫోను చేశాను.

"హార్డ్ డిస్కేమో అక్కా. ఆపేసి వదిలెయ్. నేనొచ్చి చూస్తాను. ఏటీ ముట్టుకోకు," అంది.

"టెన్షన్ మత్ లో, కంగారుపడకు," అని పెట్టేశాను.

"ఏటందీ?" అన్నారు మావగారు.

"నన్ను చూడమంది మావయ్యా!"

ఆఫీసులో పదేళ్లుగా కంప్యూటరు ముందు కూర్చుంటున్నానని నా ధీమా. బస్సులో పదేళ్లు కూర్చున్నవాళ్లంతా డ్రైవర్లయితే, నేనూ ఇంజినీరునే.

డబ్బా మూత తీస్తే లోపల కవలల్లా రెండు డిస్కులు, ఒకదాని పైన ఒకటి. పురిటింటి మంత్రసానిలా చెవి ఆనించి విన్నాను. "పైదే దొంగ!" అని తీర్పిచ్చి, తీగల మధ్య చెయ్యి దూర్చి లాగి పారేశాను. మళ్లీ స్విచ్చి వేస్తే టక్‌టక్ మాయం! కంప్యూటరు చక్కగా లేచింది.

"చూశారా మావయ్యా, రోగం పట్టేశాను!"

"సెభాష్! మరి నా పెసంగం?"

వెతికితే లేదు. అది నా చేతిలోని డిస్కులో ఉందన్నమాట.

"దీనికి వైద్యం చేసి రేపు వినిపిస్తాను," అన్నాను గంభీరంగా.

ఫోనులో చూసిన వీడియోలో ఎవరో భయ్యా చెప్పాడు, చెడిన డిస్కును ఫ్రీజర్‌లో పెడితే బతుకుతుందట. రోగి కోరిందీ పాలే, వైద్యుడిచ్చిందీ పాలే అంటారు కదా. ఇక్కడ రోగి ఏమీ కోరలేదు, వైద్యురాలు మాత్రం ఐసిచ్చింది. డిస్కును ప్లాస్టిక్ కవరులో చుట్టి వంజరం చేప ముక్కల మధ్య పడుకోబెట్టాను.

మర్నాడు బయటకు తీస్తే, మా దీవుల ఉక్కకు దానికి ఒళ్లంతా చెమటలు! చీరకొంగుతో తుడిచి, బిగించి, స్విచ్చి వేశాను. ఫట్‌మంది. సన్నగా పొగ లేచింది.

"చేపలు వేపుతున్నావేటి?" అన్నారు మావగారు ఆశగా.

మూడోనాడు పద్మ వచ్చింది. లోపలికి తొంగిచూసి, నెమ్మదిగా, "అక్కా, చప్పుడు చేసింది కింది డిస్కు. దాని కరెంటు తీగ లూజైంది, అంతే. నీ చెయ్యి తగిలి మళ్లీ సర్దుకుంది. నువ్వు పీకింది బాగున్న డిస్కు," అంది.

మావగారు కూలబడ్డారు. "మరి నా పెసంగం?"

పద్మ సంచిలోంచి పెన్‌డ్రైవు తీసింది. "మా నాన్నకు చూపిద్దామని పట్టుకెళ్లాను మావయ్యా. అక్కడ అందరూ రెండుసార్లు చూశారు."

మావగారి కళ్లు వెలిగాయి. వెంటనే నావైపు తిరిగి ఎర్రబడ్డాయి. "పద్మా, ఈవిడ్ని నువ్వే చూడమన్నావా?"

నా గుండె కూడా 'టక్, టక్' మంది.

పద్మ నా మొహం చూసింది. "అవును మావయ్యా, నేనే చూడమన్నాను. తీగ సరిగ్గా బిగించనిదీ నేనే. తప్పు నాదే."

"బంగారు తల్లి!" అని మావగారు దాని తల నిమిరారు.

నాకు కళ్లనీళ్లు తిరిగాయి. కృతజ్ఞత అనుకునేరు! కంప్యూటరు దానిదే, ప్రసంగం దానిదే, ఆఖరికి నా తప్పు కూడా అదే కొట్టేసిందే!

అందుకే వంజరం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఏ డిస్కుకూ వైద్యం చెయ్యను, ఫ్రీజర్‌లో చేప తప్ప మరొకటి పెట్టను. అసూయ సంగతంటారా? చెయ్యగలిగిన ప్రమాణాలే అడగండి.