రబ్బరు తీసేసిన మూడు మంగళవారాలు

అప్పట్లో మా బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో కారు కొనడమంటే కాస్త సిగ్గుపడాల్సిన విషయం. ఇంట్లో రైలు పాస్ పెట్టుకుని పెట్రోలు పోయించుకునేవాణ్ణి చూసి జనం జాలిపడేవారు. అలాంటిది డీజిల్ షెడ్‌లో ఫిట్టరైన మా నాన్న ఓ రోజు పాత బుల్లి కారొకటి తెచ్చి క్వార్టర్ ముందు నిలబెట్టాడు. కారణం మా అమ్మ. జబ్బు వెన్నుపూసలదాకా పాకింది. ప్రతి మంగళవారం రాయపూర్ ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. స్టేషన్‌లో వంతెన మెట్లెక్కడం ఆవిడ వల్ల కావడం లేదు. అందుకని కారు, ఆ కారుకి డ్రైవరుగా నేను. (రైలింజన్లు విప్పి బిగించే మా నాన్నకి క్లచ్ మాత్రం ఎన్నడూ లొంగలేదు. రెండుసార్లు నేర్చుకోబోయి రెండుసార్లూ పక్క క్వార్టర్ వాళ్ళ తులసికోటకి క్షమాపణ చెప్పుకున్నాడు.)

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. డిప్లొమా చేతిలో ఉంది, ఉద్యోగం లేదు, ఫోన్ నిండా కార్ల వీడియోలు. కారు అమ్మ కోసం కొన్నారన్న సంగతి నెల తిరక్కుండానే మర్చిపోయి అది నా కోసమే పుట్టిందనుకోవడం మొదలెట్టాను. అంత గొప్ప బుద్ధి నాది. పైగా నాకో స్నేహితుడుండేవాడు, టర్బో అని పిలిచేవాళ్ళం. వాడికి కారు లేదు, నోరే ఆ వేగంతో పోయేది. ఊరి చివర మంగ్లా అవతల ఖాళీ ప్లాట్లలో కుర్రాళ్ళు ఇటుకలు పేర్చి, వాటి మధ్య కారుతో ఎవరు తొందరగా తిరిగొస్తారో చూసే పోటీ ఒకటి పెడుతున్నారని వాడే మోసుకొచ్చాడు. నా కారు బానెట్ ఎత్తి చూసి, "అరే యార్, తేరా ఇంజన్ నాచ్ రహా హై! సాలిడ్ లగా దే," అన్నాడు. నీ ఇంజను గంతులేస్తోంది, గట్టివి వేయించు అని తాత్పర్యం.

వాడు చెప్పింది ఇంజన్ మౌంట్ల గురించి. కారులో ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది. యాక్సిలరేటర్ తొక్కగానే అది కాస్త ఒరిగి, ఆ తర్వాతే చక్రాల్ని కదుపుతుంది. రబ్బరు తీసేసి ఇనుప దిమ్మలు వేస్తే ఆ ఒరగడం ఉండదు, కాలు నొక్కీ నొక్కగానే బండి దూకుతుంది. కాకపోతే ఇంజను అదురు మొత్తం బండిలోకి, బండిలో మనిషిలోకి వస్తుంది. మధ్యరకంగా గట్టి రబ్బరువి కూడా దొరికేవి. అవి పిరికివాళ్ళకని తోసిపారేశాను.

నాన్న ఒప్పుకోడేమోనని భయపడుతూనే అడిగాను. ఆయన గట్టిగా నవ్వాడు. "రబ్బరు మీద ఇంజనేటిరా? మా లోకోలో చట్రానికి బిగించి పారేస్తాం. ఊగిందంటే లూజున్నట్టే. లూజుంటే ఏటి సెయ్యాల? బిగించాల," అన్నాడు. మా ఇంట్లో కుర్చీ కాలు నుంచి కుక్కర్ పిడిదాకా అన్నిటికీ అదే వైద్యం. ఆ లోకో బరువెక్కడ, ఈ డబ్బా బరువెక్కడ అని ఇద్దరిలో ఒక్కడికీ తట్టలేదు. లేతు పనివాడి దగ్గర ఇనుప దిమ్మలు చేయించి ఇద్దరం కలిసే బిగించాం. ఆయన ఆఖరి బోల్టు తిప్పి, చెయ్యి తుడుచుకుని, "ఇప్పుడైంది ఇది ఇంజను," అన్నాడు. మా నాన్న నన్ను సమానుడిగా చూసిన మొదటి రోజది. ఆ సంతోషంలో నా కాళ్ళు భూమ్మీద లేవు.

స్టార్ట్ చేస్తే, అమ్మ బాబోయ్! అద్దంలో ఒక లారీ మూడు లారీలైంది. నా పళ్ళు వాటంతటవే టకటకలాడాయి. పక్క క్వార్టర్ అత్తయ్య గరిట పట్టుకుని బయటికొచ్చి, "ఏటి బాబూ, గూడ్సు గాని మన వీధిలోకి వొచ్చేసిందేటి?" అంది. దాన్ని కూడా నేను పొగడ్తగానే జమ కట్టుకున్నాను.

అలా మూడు మంగళవారాలు అమ్మని రాయపూర్ తీసుకెళ్ళాను. నాన్న ముందు సీట్లో, అమ్మ వెనక సీట్లో దిండు పెట్టుకుని. "ఎలా ఉందమ్మా బండి?" అనడిగితే, "బావుందిరా. మీ నాన్నా నువ్వూ కలిసి సేసినాక బావుండదేటి?" అనేది. మూడోసారి దారిలో రైల్వే గేటు పడింది. బండి నిలబడి ఉన్నప్పుడే అదురు మరీ ఎక్కువ. నేనేమో ఊరికే రేజ్ చేస్తూ ఆ చప్పుడు విని మురిసిపోతున్నాను. "ఇంజను ఆపొచ్చు కదరా, పెట్రోలు దండగ," అంది అమ్మ నెమ్మదిగా. "ఇంజను వేడిగా ఉంటేనే మంచిదమ్మా, నీకు తెలీదు," అన్నాను. రెండు గూడ్సు బళ్ళు వెళ్ళిందాకా ఆపలేదు. ఆవిడ మళ్ళీ అడగలేదు.

పోటీ ఆదివారం. శనివారం మధ్యాహ్నం టర్బో దగ్గర్నుంచి వచ్చేసరికి నాన్న బానెట్ ఎత్తి ఉన్నాడు. నా ఇనుప దిమ్మలు గోనెపట్టా మీద పడున్నాయి. పాత రబ్బరువి మళ్ళీ లోపలికెళ్ళిపోయాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. "రేపు పోటీ పెట్టుకుని ఇదేం పని? నువ్వే కదా బావుందన్నావు! కార్ల సంగతి నీకేం తెలుసు, రైలింజన్లు తుడుచుకునేవాడివి," అన్నాను. ఆ మాట వీధి చివరిదాకా వినపడే ఉంటుంది.

ఆయన కోప్పడలేదు. స్పానర్ కింద పెట్టి, "అన్నాన్రా. నా బుద్ధి గడ్డి తింది," అన్నాడు. "మంగళవారం వొచ్చిన కాడినుంచి మీ అమ్మ పక్క మీద అటు ఇటు తిరగనేకపోతంది. మూడు వారాలూ అంతే. నీకు సెప్పొద్దని నా సేత ఒట్టేయించింది. గుంటడు సరదా పడతన్నాడు, పోటీ అయ్యిందాకా ఉండనీ అంది. నావల్ల కాలేదు బాబూ." మా నాన్న ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. గ్రీజు చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాడు, ముఖమంతా నల్లగా అయింది. నవ్వాలో ఏడవాలో తెలియక అక్కడే గోనెపట్టా మీద కూలబడ్డాను. పెట్రోలు దండగ అని ఆవిడ ఎందుకందో అప్పుడర్థమైంది. చచ్చిపోవాలన్నంత సిగ్గేసింది.

ఆదివారం పొద్దున్న అమ్మ నన్ను చూసి, "పోటీకి ఎల్లనేదేట్రా?" అంది. వాయిదా పడిందన్నాను. "అచ్ఛా," అంది, నమ్మలేదని తెలుస్తూనే ఉంది. దిండు దగ్గరికి లాక్కుని, "అలగైతే నన్నో రౌండు తిప్పు. ఆస్పత్రికి కాదు, ఊరికే," అంది.

మంగ్లా వైపు వెళ్ళే ముఖం లేక బిల్హా రోడ్డు పట్టాను. ఊరు దాటకముందే ముందు సీట్లో ఉన్న నాన్న వెనక్కి తిరిగి చూసి, "పడుకుంది," అన్నాడు గొంతు తగ్గించి. "ఆపకు. ఆపితే లెగుస్తాది." గుంతల కోసం రోడ్డంతా వెతుకుతూ, కనిపించినదాన్నల్లా తప్పించి పక్కగా పోనిచ్చాను. బిల్హాదాకా వెళ్ళి తిరిగొచ్చి, క్వార్టర్ ముందు ఆపకుండా మళ్ళీ బిల్హా వైపే తిప్పాను. టర్బో ఫోన్ చేస్తూనే ఉన్నాడు. పాల క్యాన్లు కట్టుకున్న సైకిలొకటి మమ్మల్ని దాటిపోయింది. బిలాస్‌పూర్‌లో నన్ను మించినవాడు లేడనుకున్న మొనగాణ్ణి, దానికి దారిచ్చాను.

అమ్మ ఆ తర్వాత నాలుగు నెలలే ఉంది. ఆ మూడు మంగళవారాలు ఎలా భరించిందో ఒక్కసారి కూడా నాతో అనలేదు, అడిగే ధైర్యం నాకూ రాలేదు. ఇప్పుడు నేను నడిపే కారు రోడ్డు మీదుందో లేదో నాకే తెలియనంత మెత్తగా పోతుంది. మా ఆవిడ వేళాకోళం చేస్తుంటుంది. ఆ ఇరవై రెండేళ్ళవాడు గుర్తొస్తే లాగి ఒకటి ఇద్దామనిపిస్తుంది. కానీ ఆ ఆదివారం, రెండు గంటల తర్వాత ఇంటి ముందు బండి ఆపాక అమ్మ కళ్ళు తెరిచి, చుట్టూ చూసి అన్న మాట కూడా వాడికే దక్కింది.

"అప్పుడే వొచ్చేసామేట్రా? ఎంత జోరుగా తోలేసావో!"

ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ముందు నవ్వే వస్తుంది.