మూడు చుట్లు

జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో నా రూమ్‌మేట్ ఒక వరంగల్ అక్క. గుడైనా చర్చైనా, చుట్టూ మూడు ప్రదక్షిణలు చేయనిదే లోపల అడుగు పెట్టేది కాదు.

ఓసారి సెలవుల్లో ఇద్దరం ఇంగ్లండ్‌లోని ఓ పాత ఊరికి కెథెడ్రల్ చూడబోయాం. మూసే వేళయిందని నేను గోల పెడుతుంటే, "ఆగరాదే! దేవుని ఇంట్లకు గిట్ల ఉరుక్కుంట పోతమా?" అని నడక మొదలుపెట్టింది. అక్క ధీమా చూసి గైడ్ అనుకున్నారేమో, మూడో చుట్టు పూర్తయ్యేసరికి మా వెనక పదిమంది టూరిస్టులు నడుస్తున్నారు. తలుపు మూసేస్తున్న పెద్దాయన అంత గుంపును చూసి, నవ్వి, మళ్ళీ బార్లా తెరిచాడు.

"చూసినవా?" అంది అక్క.

తను ఉద్యోగానికి ఇంగోల్‌స్టాట్ వెళ్ళిపోయింది. ఈమధ్య వీసా ఆఫీసులో టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, ఎంతకీ దొరక్క, ఆ బిల్డింగ్ చుట్టూ నేనూ మూడు చుట్లు తిరిగొచ్చాను.

నవ్వకండి. మర్నాడే దొరికింది.