నోవాక్ చేతికి కుదిరిన గురి

ఉక్కు మిల్లు మూసేసిన ఏడాది కృష్ణమూర్తికి నలభై ఆరేళ్లు. పెన్సిల్వేనియాలోని ఆ చిన్న ఊళ్లో అన్నాళ్లూ లోహపరీక్షలు చేసిన ఇంజినీరు, 1982 చలికాలానికి ఒక తుపాకుల దుకాణం వెనకగదిలో లేత్ ముందు నిలబడ్డాడు. దుకాణం యజమానికి తుపాకులు అమ్మడం తెలుసు, బాగుచెయ్యడం రాదు. కృష్ణమూర్తికి తుపాకులు తెలియవు, ఇనుము తెలుసు. అలా కుదిరింది. "ఆ చేతులతో దేవుడి దగ్గరికి రాకండి" అని భార్య జయంతి మొదట్లో అంది. వేరే ఉద్యోగం ఎక్కడా దొరక్కపోయేసరికి అనడం మానేసింది.

నవంబరులో నోవాక్ వచ్చాడు. మిల్లులో ఫోర్‌మన్‌గా ఉండేవాడు. కృష్ణమూర్తి కొత్తగా వచ్చినప్పుడు మంచులో కారు నడపడం నేర్పింది అతనే. చేతిలో తాతగారి నాటి లీవర్ రైఫిల్.

"కిందికీ ఎడమకీ కొడుతోంది, క్రిష్. సోమవారం నుంచి జింకల సీజన్" అన్నాడు.

ఇద్దరూ పాత రాతిక్వారీకి వెళ్లారు. నోవాక్ కాల్చిన తూటాలన్నీ గురికి జానెడు కిందగా, ఎడమగా దిగాయి. తర్వాత కృష్ణమూర్తి రైఫిల్‌ని ఇసుకసంచి మీద ఆనించి కాల్చాడు. సరిగ్గా నడిమధ్య తగిలింది. మళ్లీ కాల్చాడు. మళ్లీ అక్కడే.

నోవాక్ కుడిచేతి గ్లవ్ తీసి చూపించాడు. వేళ్లు జపమాల తిప్పుతున్నట్టు వాటంతటవే కదులుతున్నాయి.

"ట్రిగ్గర్ నొక్కేటప్పుడు చెయ్యి గుంజేస్తోంది."

"డాక్టర్‌కి చూపించావా?"

"చూపించాను. తగ్గేది కాదట. నువ్వు దీన్నే నా చేతికి సరిపెట్టు. మా అబ్బాయి స్టీవ్‌కి మాత్రం చెప్పకు."

"గురిచూసే సైట్లలో వెనకది ఎప్పుడైనా జరుపుకోవచ్చు. ముందు సైట్ అరగదీస్తే మళ్లీ రాదు, నోవాక్."

"అరగదీయి."

కృష్ణమూర్తి ఇత్తడి కడ్డీ ఆనించి వెనక సైట్‌ని కుడివైపుకి కొద్దికొద్దిగా తట్టాడు. తూటా పైకి తగిలేలా ముందు సైట్ మీద ఆకురాయి పెట్టి రాసి, నోవాక్ చేత కాల్పించి, మళ్లీ రాశాడు. సరిగా ఉన్నదాన్ని చెడగొడుతున్నానని అతని చేతికి తెలుస్తూనే ఉంది. పొద్దువాలేసరికి నోవాక్ తూటాలు నడిమధ్యకి చేరాయి. నోవాక్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. దళసరి కోటులోంచి కూడా ఆ వణుకు తెలిసింది.

మంగళవారం నోవాక్ కాగితంలో చుట్టిన జింక మాంసం తెచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఇంట్లోకి గుడ్డు కూడా రానివ్వని జయంతి రెండు చేతులా అందుకుంది.

"అంత ప్రేమగా తెస్తే ఎలా కాదంటామండీ" అని, దాన్ని గరాజ్‌లో పాత ఫ్రీజర్‌లో పెట్టింది.

నోవాక్ వేట అదే ఆఖరు. ఆపై ఏడాదికి చెంచా పట్టుకోలేకపోయాడు. ఆ మరుసటి వసంతంలో పోయాడు.

శరత్కాలంలో కొడుకు స్టీవ్ ఆ రైఫిల్ తెచ్చి దుకాణం బల్ల మీద పెట్టాడు.

"ఇది పైకీ కుడికీ కొడుతోంది. మా ముత్తాత నాటి సైట్‌ని ఎవరు ఇలా కోసేశారు?"

యజమాని వెనకగది వైపు చూశాడు. కృష్ణమూర్తి బయటికి వచ్చాడు.

"నేనే."

"ఎందుకు?"

"లెక్క తప్పింది" అన్నాడు కృష్ణమూర్తి. "కొత్త సైట్ చేసి పెడతాను."

"నువ్వు దీన్ని ముట్టుకోకు. ఇంత పాడుచేసినా మా నాన్న దీంతోనే జింకను కొట్టాడు, తెలుసా? ఒక్క తూటాకే. అలాంటి చెయ్యి ఆయనది."

కృష్ణమూర్తి తలూపాడు.

ఆ తర్వాత యజమాని పాత తుపాకులేవీ అతని చేతికివ్వలేదు.

"ఆయన పోయాడు కదండీ, ఇప్పుడైనా చెప్పేయాల్సింది" అంది జయంతి. అతను పెరుగన్నం కలుపుకున్నాడు.

మరుసటి జనవరిలో దూరాన ఎడారి ఊరు చాండ్లర్‌లో కంప్యూటర్ చిప్స్ ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. ఊరు వదిలే రోజు పొద్దున నోవాక్‌ని పూడ్చిన శ్మశానం దగ్గర కారు ఆపి లోపలికి వెళ్లాడు. రాత్రంతా మంచు కురిసింది. సమాధిరాళ్లన్నీ తెల్లగా ఒక్కలాగే ఉన్నాయి. రెండు మూడింటిని చేత్తో తుడిచి చూశాడు, వేరే పేర్లు. కారులో జయంతి హారన్ కొట్టకుండా కూర్చుంది.