కందెన పెట్టిన బగ్గీ

మొగుడి పేరు నోటితో చెప్పకూడదంటారు మావైపు. నేను చెబుతాను. మా ఆయన పేరు వీరేష్. మాది కోసిగి దగ్గర పల్లె. మనిషి మొండివాడు, మాట తక్కువ, చేతులు మాత్రం బంగారం.

వానలు ముఖం చాటేసిన ఏడు మా ఊళ్ళో సగం ఇళ్ళకు తాళాలు పడతాయి. అందరూ సుగ్గికి, అంటే గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోతారు. పిల్లలు కూడా బడి మాని వెంట వస్తారు. పోయినేడు మా పాప అట్లాగే వచ్చి, తిరిగి పోయేసరికి ఎక్కాలన్నీ మరిచిపోయింది. "ఈసారి దాన్ని బడి మానిపిస్తే నీతో మాట్లాడను, చూస్కో" అని మా ఆయనకు గట్టిగా చెప్పాను.

ఆయన బెంగళూరులో రెండేళ్ళు రిమోటు బగ్గీల పందేలు జరిగే మైదానంలో కాపలా కాశాడు. పిల్లల బొమ్మ అనుకోకండి. మూరెడు పొడుగుండి, బ్యాటరీతో నడుస్తూ, మట్టిదిబ్బల మీంచి ఎగిరి దూకుతుంది. చూసి చూసి దాని రిపేరు నేర్చుకున్నాడు. ఈమధ్య కర్నూలు బయట భూపేష్ అనే ఆసామి అలాంటి మైదానమే పెట్టి మెకానిక్కు కావాలన్నాడు. మా ఆయన పోయి అడిగితే మూలన పడున్న పాత బగ్గీని చేతిలో పెట్టాడు.

"వారంలో బాగు చేస్కోని రాప్పా. పది నిమిషాలు నిలబడకుండా తిరిగితే పని నీదే."

ఆ పని దొరికితే సుగ్గి తప్పుతుంది. ఆ వారమంతా మా ఇంట్లో బగ్గీ తర్వాతే తిండీ నిద్రా. రిమోటు ముట్టుకోకపోయినా బండి ఎడమకు లాగేది. ముందు చక్రాలను తిప్పే కడ్డీల్లో ఒకటి పొట్టిగా ఉందని కనిపెట్టి సరిచేశాడు. దూకినప్పుడల్లా కుడివైపు కూలబడుతుంటే షాకబ్జర్ విప్పి, కారిపోయిన నూనె నింపి, గాలి బుడగలన్నీ పోయేదాకా దానిముందే కూర్చున్నాడు. చిన్న గేరుకూ పెద్ద ప్లాస్టిక్ గేరుకూ మధ్య పాప నోటుబుక్కు కాగితం ముక్క పెట్టి బిగించి, తర్వాత కాగితం లాగేశాడు. "ఈ సందు ఉంటేనే పండ్లు అరగవు" అన్నాడు. గేర్లకు మూత లేకపోతే ప్లాస్టిక్ డబ్బా కోసి తానే చేశాడు.

మా మామ పుల్లన్న ముప్పై ఏళ్ళు ఎద్దులబండి తోలినవాడు. ఎద్దులు పోయాయి, బండి పోయింది, కందెన డబ్బా మాత్రం చూరులోనే ఉంది. కాల్చిన గడ్డి మసిలో ఆముదం కలిపిన నల్లటి ముద్ద అది. ఇరుసుకు అది పూయకుండా ఆయన ఏనాడూ బండి కట్టలేదు. కర్నూలుకు పోయే పొద్దున, మా ఆయన స్నానం చేస్తుంటే, మామ బగ్గీ మూత తీసి గేర్లు తడిమాడు.

"అయ్యో, శానా ఎండిపోయిండాది" అంటూ వేలితో కందెన తీసి నిండా పూసి, మూత మళ్ళీ బిగించాడు. నేను చూశాను. ముసలాయనకు కొడుకు పని మీద ఎంత ప్రేమో అని నవ్వుకున్నాను కూడా. నా తెలివి మండిపోను!

మామతో కలిసి ముగ్గురం కర్నూలుకు పోయాము. బగ్గీ దిబ్బ ఎక్కి, ఎగిరి, నాలుగు చక్రాల మీద చక్కగా దిగుతుంటే నా కడుపు నిండిపోయింది. భూపేష్ కూడా తల ఊపుతున్నాడు. ఏడో నిమిషంలో గరగరమంది. ఎనిమిదో నిమిషంలో ఆగిపోయింది. లోపల మోటారు గిర్రున తిరుగుతోంది, చక్రం కదలదు.

మా ఆయన మూత తీశాడు. కందెనకు ఇసుక పట్టి, ఆకురాయిలాగా పెద్ద గేరు పండ్లన్నీ అరగదీసేసింది.

"దుమ్ములో తిరిగే గేరుకు యెవరన్నా గ్రీసు పెడతారాప్పా? ఇంత గూడా తెలీకుండా మెకానిక్కు పనికి వచ్చినావా?" అన్నాడు భూపేష్.

మా ఆయన వేలికంటిన నలుపును వాసన చూశాడు. నా ముఖం చూశాడు. దూరంగా కంచె దగ్గర ఏమీ వినబడక నిలబడ్డ తండ్రి వైపు మాత్రం తల తిప్పలేదు.

"తప్పు నాదే సార్" అన్నాడు.

నిజం నా నోటిదాకా వచ్చింది. ఆయన కళ్ళతోనే వద్దన్నాడు. తండ్రీకొడుకులిద్దరి మీదా, నామీదా ఒళ్ళు మండిపోయింది.

నాలుగో రోజు సుగ్గి లారీ ఎక్కాము. పాప బడిసంచిలోంచి పుస్తకాలు తీసి గిన్నెలు సర్దింది నేనే. అది దారంతా నాతో మాట్లాడలేదు. ఎమ్మిగనూరు దాటాక మామ కొడుకు భుజం మీద చెయ్యేశాడు.

"బాధపడాకు నాయనా. ముసిలి బండి గదా. ఆపొద్దు నేను కందెన పెట్టింటి కాబట్టి ఆ మాత్రమన్నా తిరిగింది."

"అవు నాయనా" అన్నాడు వీరేష్.