నస్రీన్ తిరిగిచ్చిన పుస్తకం

2023 వేసవి. తాడేపల్లిగూడెం శివార్లలోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయం లైబ్రరీలో నేను అసిస్టెంట్ లైబ్రేరియన్‌ని. అప్పటికి ఇరవై ఒక్క ఏళ్ల సర్వీసు. పీజీ పరీక్షలు అయిపోయి, హాస్టళ్లు ఖాళీ అవుతున్న రోజులు. ఏటా ఆ పది రోజులూ మా కౌంటర్ దగ్గర ఇసుక వేస్తే రాలదు. కారణం ‘నో డ్యూస్’ కాగితం. లైబ్రరీ, ల్యాబ్, హాస్టల్, స్పోర్ట్స్ వాళ్లందరూ ‘ఈ విద్యార్థి దగ్గర మా వస్తువులేమీ లేవు’ అని సంతకాలు పెడితేనే ఒరిజినల్ సర్టిఫికెట్లు చేతికి వస్తాయి.

లైబ్రేరియన్ అంటే చల్లగా కూర్చుని చదువుకునే ఉద్యోగం అనుకుంటారు చాలామంది. నిజానికి మేము పుస్తకాలు చదివే కాలం కన్నా వెతికే కాలమే ఎక్కువ. కనబడకుండా పోయిన పుస్తకం ఏ దారిన పోయిందో కూపీ లాగడం నాకు మొదటినుంచీ సరదా. “నువ్వు పోలీసు శాఖలో ఉండాల్సినదానివి” అని మావారు వేళాకోళం చేస్తుంటారు. నేను దాన్ని మెచ్చుకోలుగానే తీసుకునేదాన్ని.

ఒక శుక్రవారం పొద్దున్న నస్రీన్ మూడోసారి నా టేబుల్ దగ్గరికి వచ్చింది. కైకలూరు అమ్మాయి, ఎమ్మెస్సీ ఆక్వాకల్చర్. తండ్రి అక్కడ ఐస్ ఫ్యాక్టరీలో మెషిన్ చూసుకుంటాడు. కాకినాడ వైపు ఒక రొయ్యపిల్లల హేచరీలో ఈ అమ్మాయికి ల్యాబ్ ఉద్యోగం వచ్చింది. సోమవారం ఉదయం ఒరిజినల్స్ పట్టుకుని చేరాలి, లేదంటే తర్వాతి పేరు పిలుస్తామన్నారట. అన్ని విభాగాల సంతకాలూ అయ్యాయి. మాదొక్కటే మిగిలింది. మా కంప్యూటర్‌లో ఆమె పేరు మీద ఒక పుస్తకం కనబడుతోంది.

అది కొల్లేటి చేపల మీద ఎప్పుడో వేసిన సర్వే. మళ్లీ అచ్చు కాలేదు. మా దగ్గర ఉన్నది ఒకే ఒక్క కాపీ. ఇలాంటి పుస్తకం పోతే అదే పుస్తకం ఇంకొకటి తెచ్చివ్వాలి, లేదా పోగొట్టానని రాసిస్తే లైబ్రరీ కమిటీ తేల్చాలి. మా కమిటీ కూర్చునేసరికి నెల పడుతుంది.

“నేను ఏప్రిల్లోనే ఇచ్చేశానండి మేడమ్. కౌంటర్లోనే ఇచ్చానండి” అంది, మొదటి రోజు చెప్పిన మాటే.

“ఇస్తే కంప్యూటర్లో ఉండాలి కదమ్మా. దానికి నీ మీద పగేముంటుంది?” అన్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

“విజయవాడలో పాత పుస్తకాల షాపులన్నీ అడిగించానండి. ఎక్కడా లేదండి.”

“అయితే పోయిందని రాసివ్వు. కమిటీలో పెడతాను.”

“పోగొట్టనిదాన్ని పోగొట్టానని ఎలా రాయనండి?”

ఆ టేబుల్ ముందు ఏడ్చినవాళ్లని చూశాను, కేకలు వేసినవాళ్లనీ చూశాను. ఈ పిల్ల రెండూ చేయలేదు. “మీరు నాతో పాటు రాక్‌ల దగ్గరికి వస్తారా అండి? నేనొక్కదాన్నే వెళ్లి తీస్తే, నేనే తెచ్చి పెట్టానంటారు” అంది.

నిజమే, అలాగే అనేదాన్ని. కానీ పుస్తకం వెతుకుదామంటే నా కాళ్లు ఆగవు. కౌంటర్ వేరేవాళ్లకి అప్పజెప్పి లేచాను.

దాని నంబరు ప్రకారం ఉండాల్సిన చోట అది లేదని మావాళ్లు ముందే చూశారు. కాబట్టి ఉంటే ఎవరో దాచిన చోటే ఉండాలి. పరీక్షల ముందు పుస్తకం దాచడం మా క్యాంపస్‌లో పాత అలవాటు. ఒకే కాపీ ఉన్న పుస్తకాన్ని ఇంకొకరు పట్టుకుపోకుండా, సంబంధం లేని రాక్‌లో పెట్టి, రోజూ వచ్చి చదువుకుని మళ్లీ అక్కడే పెట్టేస్తారు. గడప దాటించలేదు కాబట్టి అది దొంగతనం కాదని వాళ్ల లెక్క. పూలతోటల పుస్తకాల మధ్య రొయ్యల రోగాలు, తెలుగు వ్యాకరణాల పక్కన స్టాటిస్టిక్స్ నాకు ఎన్నిసార్లు దొరికాయో!

ఆ అనుభవం కొద్దీ నేను కిటికీ పక్క అడుగు రాక్ దగ్గర చతికిలబడ్డాను.

“అడుగున పెట్టరండి మేడమ్. ఊడ్చేటప్పుడు దొరికిపోద్దండి” అంది నస్రీన్.

తలెత్తి చూశాను. “నీకెలా తెలుసు?”

కాస్త తడబడి, “మేమూ దాచేవాళ్లమండి. చెబితే మా బ్యాచ్ మొత్తం దొరికిపోతుందని ఇన్నాళ్లూ చెప్పలేదండి” అంది. నవ్వు ఆపుకోలేకపోయాను. ఇరవై ఒక్క ఏళ్లలో నాకు పాఠం చెప్పిన మొదటి దొంగ. దాచిన చోటు చదువుకునే బల్లకి దగ్గరగా ఉండాలట. చేతికి అందే ఎత్తులో ఉండాలట. అన్నిటికన్నా ముఖ్యం, ఆ రాక్‌లో పుస్తకాలు ఎవరూ ముట్టుకోనివై ఉండాలట.

“మరి మీ బ్యాచ్ ఎక్కడ దాచేవారు?”

ఒక రాక్ వైపు చెయ్యి చూపించింది. మా విశ్వవిద్యాలయం సొంత బులెటిన్లు, స్నాతకోత్సవాలూ సెమినార్లూ అతిథుల ఫొటోలూ ఏడాదికొక సంపుటంగా బైండు చేయించి పేర్చిన రాక్ అది. కోపం రావాల్సింది, రాలేదు. ఆ సంపుటాలు బైండింగ్ నుంచి వచ్చాక నేను మాత్రం ఎప్పుడు తెరిచాను గనక!

మూడో వరసలో నాలుగు సంపుటాలు పక్కకి తీశాను. వెనక గోడకి ఆనించి ఉంది కొల్లేటి సర్వే. మధ్యలో ఎవరిదో సెమినార్ నోట్స్ కాగితం. జూనియర్లెవరో తమ వంతు దాచుకున్నారన్నమాట.

నస్రీన్ గట్టిగా ఊపిరి వదిలింది. నేను మాత్రం సంతోషించలేదు. లోపలి పోలీసు ఊరుకోదు కదా. చోటు ఈ అమ్మాయికి ముందే తెలుసు. ఇన్నాళ్లూ తన దగ్గరే ఉంచుకుని, నిన్న తెచ్చి పెట్టి, ఇవాళ నన్ను వెంటబెట్టుకొచ్చి ఉండొచ్చుగా? నా ముఖంలో అది కనబడే ఉంటుంది. ఆమె ముఖం వాడిపోయింది.

పుస్తకం చివరి అట్ట తెరిచాను. అక్కడ ‘డ్యూ డేట్ స్లిప్’ అని ఒక కాగితం అంటించి ఉంటుంది. ఏ తేదీలోగా తిరిగివ్వాలో దాని మీద ముద్ర వేస్తాం. కంప్యూటర్లు రాకముందు, పుస్తకం వెనక్కి రాగానే ఆ తేదీని పెన్నుతో కొట్టేసి పొట్టి సంతకం పెట్టేవాళ్లం. ఇప్పుడు ఆ పని ఎవరూ చేయరు. నేనే మాన్పించాను. కానీ నస్రీన్ తేదీ మీద ఆకుపచ్చ సిరాతో అడ్డగీత ఉంది. పక్కన ‘వె’ అని అక్షరం, ఏప్రిల్ తేదీ.

వెంకట్రావుగారు మా సీనియర్ అటెండర్. పెంటపాడు నుంచి సైకిల్ మీద వస్తారు. పై అంతస్తు రీడింగ్ రూమ్‌లో ఉన్నారు. పుస్తకం పట్టుకుని మెట్లెక్కాను, వెనకే నస్రీన్.

“ఏవండీ వెంకట్రావుగారూ, ఈ గీత మీదేనా?”

కళ్లజోడు సర్దుకుని చూశారు. “నాదేనండి మేడమ్ గారూ. గాలివాన వచ్చి కరెంటు పోయిన రోజండి. కౌంటర్ వాళ్లు భోజనానికెళ్లారు. ఈ పాప ఇస్తే తీసుకుని, కొట్టేసి, దాని రాక్‌లోనే పెట్టేశానండి.”

“కంప్యూటర్లో ఎక్కించమని వాళ్లకి చెప్పలేదేమండి?”

“కంప్యూటర్ జోలికి రావద్దన్నారు గదండీ మీరు. ఈ గీతలు కూడా మానెయ్యమన్నారు. చెబితే గీత గీసినందుకు మళ్లీ తిడతారని చెప్పలేదండి” అన్నారు.

“మూడు రోజులుగా ఈ పుస్తకం కోసం ఇంత గొడవ జరుగుతుంటే, అప్పుడైనా చెప్పొచ్చు కదండీ?”

“గొడవని తెలుసండి, ఏ పుస్తకమో తెలీదండి. నన్నెవరూ అడగలేదు కదండీ” అన్నారు.

ఆయన గొంతులో నిష్ఠూరం లేదు, ఉన్న మాట చెప్పారంతే. నేనే తల దించుకున్నాను. మూడు రోజుల్లో ఆ అమ్మాయిని “ఎవరి చేతికిచ్చావు?” అన్న ఒక్క ప్రశ్న నేను అడగలేదు. అడిగి ఉంటే పది నిమిషాల్లో తేలేది. కూపీ లాగడంలో నన్ను మించినవాళ్లు లేరనుకున్నదాన్ని!

కిందికి వచ్చి నో డ్యూస్ మీద సంతకం పెట్టాను. “తప్పు మాదేనమ్మా. నిన్ను నమ్మకపోవడం మాత్రం పూర్తిగా నా తప్పు” అన్నాను.

“పర్లేదండి” అంది. కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది. వెళ్లలేదు.

“ఇంకేమైనా కావాలా అమ్మా?”

“గుమ్మం దగ్గర బోర్డు మీద పుస్తకాలు ఇవ్వనివాళ్ల పేర్లు పెట్టారు కదండీ. నా పేరు మొదటిదండి. రేపు మా నాన్న హాస్టల్ సామాన్లు తీసుకెళ్లడానికి వస్తున్నారు. ఈలోగా తీసేస్తారా అండి?”

ఏటా ఆ జాబితా అచ్చు తీయించి అంటించేది నేనే. అది ఎవరి తండ్రి కంట పడుతుందో ఒక్కసారీ ఆలోచించలేదు. అప్పటికప్పుడు వెళ్లి కాగితం మొత్తం చింపేశాను. నస్రీన్ వెళ్లిపోయింది. సోమవారం మధ్యాహ్నం చేరానని ఫోన్ చేసింది.

చింపిన జాబితాలో ఇంకా పదకొండు పేర్లు ఉన్నాయి. ఆ శనివారం నేనూ వెంకట్రావుగారూ దాన్ని పట్టుకుని రాక్ రాక్ వెతికాం. నాలుగు పుస్తకాలు లైబ్రరీలోనే దొరికాయి. రెండింటి మీద ఆకుపచ్చ గీతలున్నాయి. నలుగురి పేర్లూ కంప్యూటర్లో తీయించాను. ఇప్పుడు మా దగ్గర రాక్‌లన్నీ వెతికాకే, కౌంటర్లో అందరినీ అడిగాకే ఎవరి పేరైనా రాసుకుంటాం. బోర్డు మీద మాత్రం పెట్టం.

గీతలున్న ఆ ఇద్దరికీ నేనే ఫోన్ చేశాను. జంగారెడ్డిగూడెం కుర్రాడు “పోనీలెండి మేడమ్” అన్నాడు. రెండో పేరు ఒక అమ్మాయిది. నేను చెప్పిందంతా విని, “అప్పుడే చెప్పాను కదండీ” అని ఫోన్ పెట్టేసింది.